వేళ్లిచ్చిన తల్లులు

కాడుగోడి అనగానే ఈనాడు మనకు గుర్తొచ్చేవి వైట్‌ఫీల్డు కంపెనీలు, సత్యసాయి బృందావనం, 2023లో వచ్చిన మెట్రో స్టేషను. బతుకుతెరువు కోసం ఆంధ్ర నుంచీ తెలంగాణ నుంచీ వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగువాళ్లు చాలామందికి ఈ నేలకున్న పాత పేరు తెలియదు. దీన్ని మొరసునాడు అనేవారు. హొసకోట, దేవనహళ్లి, కోలారు, ముళబాగిలు, చింతామణి, ఆనేకల్లు, అటు హోసూరు దాకా పరుచుకున్న మెట్టసీమ ఇది. తెలుగూ కన్నడమూ ఒకే ఇంట్లో, ఒక్కోసారి ఒకే వాక్యంలో కలిసి మెలిగే సీమ. కాడుగోడి ఆ సీమకు పడమటి అంచున, హొసకోట దారిలో ఉంది.

ఈ సీమ కోటల గురించీ, చెరువుల గురించీ, పాళెగాళ్ల గురించీ రాసినవాళ్లు ఎందరో ఉన్నారు. ఈ సీమ ఆడవాళ్ల చేతివేళ్ల గురించి మనం మాట్లాడుకున్నది తక్కువ. మొరసు ఒక్కలిగలలో ఒక శాఖను కన్నడంలో 'బెరళు కొడువ ఒక్కలు' అనేవారు. తెలుగులో వాళ్లకున్న పేరు 'వేళ్లిచ్చే కాపులు'. ఆ శాఖలో తల్లి అయిన స్త్రీ తన కుడిచేతి వేళ్లలో రెండింటి కొసలను భైరవుడికి కోసి ఇవ్వాలి. ఆ ఆచారం ఇప్పుడు లేదు. అది ఎలా ఉండేదో, ఎలా పోయిందో తెలుసుకోవడం పాత సంగతుల మీద మోజుతో కాదు. ఆడవాళ్ల ఒంటిని కోసే ఆచారం ఇంకొకటి, మన దేశంలోనే, ఇంకా కొనసాగుతున్నది కాబట్టి.

కళ్లారా చూసినవాళ్లు, విన్నవాళ్లు

టిప్పు సుల్తాను పతనమైన తరువాత 1800-01లో ఫ్రాన్సిస్ బుకానన్ కంపెనీవారి పనుపున మైసూరు సీమంతా తిరిగాడు. పదిహేను ఇరవై ఏళ్ల వయసులో, అప్పటికే బిడ్డలను కన్న స్త్రీ, దేవుడి కోపానికి ఆ బిడ్డలు ఎక్కడ పోతారోనన్న భయంతో కోలారు దగ్గరి సీతిబెట్ట మీద కాలభైరవుడి గుడికి వెళ్లి, కుడిచేతి వేళ్లు ఒకటో రెండో ఇచ్చి వస్తుందని అతను రాసుకున్నాడు.

మైసూరులో రెసిడెంటుగా పనిచేసిన మార్క్ విల్క్స్ 1810లో అచ్చువేసిన చరిత్ర గ్రంథంలో ఇంకా వివరంగా చెప్పాడు. పెద్దకూతురికి పెళ్లి మాట ఖాయం చేసే ముందు చెవులు కుట్టించాలి. చెవులు కుట్టించే ముందు తల్లి వేళ్లివ్వాలి. ఊరి కమ్మరి ఆమె వేలిని మొద్దు మీద పెట్టించి, కణుపు మీద ఉలి ఆనించి, ఒక్క దెబ్బతో తెగ్గొడతాడు. ఆ పనికి కట్టుబడి రుసుము ఉంది. పిల్లకు తల్లి లేకపోతే, పిల్లవాడి తల్లి అంతకు ముందు ఇచ్చి ఉండకపోతే, ఆ బాధ్యత ఆమె మీద పడుతుంది. మొరసు ఒక్కలిగలందరిలోనూ ఇది లేదని, మైసూరు సీమ మొత్తం మీద ఇలాంటి ఇళ్లు దాదాపు 2000 ఉండవచ్చునని అతని అంచనా.

ఆ కాలంలోనే మైసూరు సీమలో ఉన్న ఫ్రెంచి మతగురువు ఆబే దుబ్వా, పెద్దకూతురి పెళ్లప్పుడు తల్లి కుడిచేతి నడిమి వేలూ ఉంగరపు వేలూ ఇస్తుందన్నాడు. 1909లో థర్‌స్టన్ తన కులాల సంపుటాలలో కాపుల గురించి రాస్తూ, ఇంట్లో మనవడో మనవరాలో పుట్టినప్పుడు పెద్దకొడుకు భార్య భైరవుడి గుడిలో కుడిచేతి వేళ్ల కొసలు ఇవ్వాలన్న నియమాన్ని పేర్కొన్నాడు.

ఈ నాలుగు కథనాలూ పూర్తిగా కలవవు. ఏ వేలు, ఏ సందర్భం అన్నచోట తేడాలున్నాయి. ఊరూరికీ ఇంటింటికీ పద్ధతి కొంత మారి ఉండవచ్చు. కానీ నాలుగూ కలిసే చోట్లు గమనించండి. ఇచ్చేది స్త్రీ. తల్లి అయిన స్త్రీ, లేదా ఆ ఇంటి కోడలు. ఇచ్చేది పని చేసే కుడిచెయ్యి. వేలివ్వకపోతే బిడ్డ దక్కదనో, బిడ్డకు పెళ్లి కాదనో భయం. ఏ కథనంలోనూ మగవాడు వేలివ్వడు.

కథలోని లెక్క

ఈ ఆచారానికి మూలమేమిటని విల్క్స్ అడిగితే ఒక స్త్రీ తడుముకోకుండా కథ చెప్పిందట. ఆ తరువాత మరికొందరిని అడిగినా పెద్దగా తేడా లేకుండా అదే చెప్పారట. కథ మనకు తెలిసిన భస్మాసురుడిదే. భాగవతంలో వృకాసురుడన్న పేరుతో ఉన్నవాడే. ఎవరి నెత్తిన చెయ్యి పెడితే వాళ్లు బూడిదయ్యే వరం శివుడి దగ్గర పొంది, ఆ శివుడి మీదనే ప్రయోగించబోతాడు. శివుడు పారిపోయి పొదల్లో దాక్కుంటాడు. ఇక్కడ మొరసునాటి కథలో ఒక రైతు ప్రవేశిస్తాడు. పొలంలో పని చేసుకుంటున్న ఆ రైతును రాక్షసుడు అడుగుతాడు. రైతుకు ఇద్దరన్నా భయమే. నోటితో చూడలేదంటాడు, చిటికెన వేలితో చోటు చూపిస్తాడు. అంతలో విష్ణువు మోహిని రూపంలో వచ్చి రాక్షసుడి చెయ్యి వాడి నెత్తిమీదనే పెట్టించి బూడిద చేస్తాడు. శివుడు తిరిగి వచ్చి, చూపించిన ఆ వేలు తెగ్గొడతానంటాడు.

అప్పుడే మొగుడికి కూడు తెచ్చిన రైతు భార్య శివుడి కాళ్ల మీద పడుతుంది. ఇతని చెయ్యి నెలల తరబడి పనికి రాకపోతే సేద్యం పోతుంది, సంసారం మునిగిపోతుంది, ఇతని ఒక్క వేలికి బదులు నావి రెండు తీసుకో అంటుంది. శివుడు ఆమె పతిభక్తికి మెచ్చి సరేనంటాడు. ఆమె వంశంలో పుట్టే ఆడవాళ్లందరూ తరతరాలూ రెండేసి వేళ్లివ్వాలని శాసిస్తాడు. సీతి గుట్ట ఆ రాక్షసుడి బూడిద కుప్ప అని, అందుకే ఎంత వాన పడినా అక్కడ తడి నిలవదని నమ్మేవారు. విల్క్స్ వెళ్లి చూసి అది గరుకు నల్లరాతి గుట్టేనని రాశాడు.

కథను తీసిపారేయకుండా ఒకసారి లెక్క చూద్దాం. తప్పు చేసింది మగవాడు. శిక్ష పడింది భార్యకు. ఒక వేలికి రెండు వేళ్లు, ఒక మనిషికి వంశమంతా. ఎందుకు? మగవాడి చెయ్యి పనిచేసే చెయ్యి అని. మరి మొరసునాటి మెట్టచేలల్లో రాగి కలుపు తీసిందెవరు? కోసిందెవరు? తిరగలి విసిరి, పాలు పితికి, ముద్ద కెలికిందెవరు? ఆ పనులన్నీ చేసింది కూడా కుడిచెయ్యే. కానీ దేవుడి ముందు విన్నపం చేసేటప్పుడు ఆమే తన పనిని లెక్కలో వేసుకోలేదు. కథ ఆమె నోట ఆ మాట పెట్టింది. తరువాతి తరాల ఆడవాళ్లు ఆ కథను తడుముకోకుండా చెప్పేటంతగా నేర్చుకున్నారు. దెబ్బ కొట్టేది కమ్మరి అయినా, ఆచారాన్ని భుజాన మోసింది ఆడవాళ్లే. అది వాళ్ల క్రూరత్వం వల్ల కాదు. బిడ్డ బతకాలి, బిడ్డకు మంచి ఇల్లు దొరకాలి అన్న తాపత్రయం వల్ల.

నిషేధమూ, బంగారు తొడుగూ

1537లో బెంగళూరు పేటను కట్టించిన కెంపేగౌడ మొరసు ఒక్కలిగే. తన కులంవారు బండి దేవర అనే వేడుకలో పెళ్లికాని స్త్రీల ఎడమచేతి చివరి రెండు వేళ్లు తెగ్గొట్టే ఆచారాన్ని ఆయన నిషేధించాడని ప్రతీతి. ఇక్కడ చెయ్యీ వేరు, స్త్రీ అవస్థా వేరు అయినా, చెబుతున్నది ఈ ఆచారం గురించేనని తెలుస్తూనే ఉంది. ఆ ప్రతీతిని నమ్మితే మనం ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. కెంపేగౌడ పోయిన రెండు వందల ఏళ్లకు పైబడ్డాక వచ్చిన బుకానన్‌కూ విల్క్స్‌కూ అదే సీమలో ఆ ఆచారం కనిపించింది. పాలించేవాడు తమ కులంవాడే అయి, మంచి మనసుతో వద్దన్నా, ఉలి దెబ్బ ఆగలేదు.

పందొమ్మిదో శతాబ్దంలో మైసూరు ప్రభుత్వం మళ్లీ నిషేధించింది. ఈసారి ఆగింది. ఎలా ఆగిందో లూయీ రైస్ సంకలనం చేసిన మైసూరు గెజిటీరులో (1897) ఉంది. వేళ్లు కోసే బదులు బంగారంతోనో వెండితోనో చేసిన తొడుగును వేలికి తొడిగి, వేడుకలో వేలి కొసకు బదులు ఆ తొడుగును లాగేసేవారట.

ఈ చిన్న తొడుగులో పెద్ద తెలివి ఉంది. దేవుడికి చెల్లవలసింది చెల్లింది. గుడికి వెళ్లడం, బంధువులు చేరడం, పిల్లకు చెవులు కుట్టించడం ఏదీ తప్పలేదు. తల్లి వేలిచ్చిందా అని వియ్యపురాలు అడిగితే ఇచ్చిందని అందరి ఎదుటా చెప్పుకోవచ్చు. రక్తం మాత్రం కారలేదు. ఏ ఒక్క ఇల్లో రహస్యంగా మానేసి ఉంటే ఆ ఇంటి పిల్లకు సంబంధం చెడి ఉండేది. ఆచారాలను మోసేది విశ్వాసం ఒక్కటే కాదు, పక్కింటివాళ్లు మానకుండా మనమెలా మానతామన్న జంకు కూడా. గుడిలో, అందరి కళ్ల ముందు, అందరూ తొడుగే లాగుతున్నప్పుడు ఆ జంకుకు చోటు లేకుండా పోయింది. సర్కారు భయం ఒకవైపు, కులం పరువు చెడకుండా తప్పుకునే దారి ఒకవైపు. రెండూ కలిశాక గానీ తల్లుల చేతులు దక్కలేదని నాకనిపిస్తుంది.

మరో ఆచారం

ఇక ఇప్పటి సంగతి. ఆడపిల్లల జననాంగాన్ని కొంతగానో ఎక్కువగానో కోసే ఆచారం ఆఫ్రికాలోని అనేక దేశాలలో, పడమటి ఆసియాలో, ఇండోనేషియాలో, మరికొన్ని చోట్ల ఉంది. దాన్ని అనుభవించినవాళ్లు ప్రపంచంలో ఈనాడు 23 కోట్లకు పైగా ఉన్నారని 2024లో యునిసెఫ్ లెక్కకట్టింది. కొన్ని చోట్ల పైచర్మం గాటు పెడతారు, కొన్ని చోట్ల అవయవమే తీసేస్తారు, కొన్ని చోట్ల కోసి కుట్టేస్తారు. రక్తస్రావం, చీము, మూత్రానికి కష్టం, కాన్పులో ప్రమాదం, జీవితాంతం ఉండే నొప్పి దీని ఫలితాలు. ఆరోగ్యానికి ఒక్క మేలూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. ఏ ఒక్క మతానికో చెందిన ఆచారమూ కాదు. ముస్లింలలోనూ క్రైస్తవులలోనూ స్థానిక మతాలవారిలోనూ ఉంది. అదే మతాల వారిలో అధిక సంఖ్యాకులు దాని మొహం కూడా ఎరగరు.

చదువుతుంటే మనకు ఒళ్లు జలదరిస్తుంది, ఎక్కడో అనాగరికుల సంగతి అనుకుంటాము. మొరసునాటి వేళ్ల కథ తెలిసినవాళ్లు అలా అనుకోవడానికి లేదు. అక్కడా ఇదే అల్లిక. కోయించేది ప్రేమ ఉన్న తల్లి, నాయనమ్మ. కారణం పెళ్లి, పరువు, శుచి. కోసే మనిషికి కట్టుబడి రుసుము. వద్దన్న సర్కారును లెక్కచేయకపోవడం కూడా ఒకటే.

కెన్యాలోని మేరు ప్రాంతంలో జరిగింది చూడండి. 1956లో అక్కడి పెద్దల సభ, బ్రిటిషు అధికారుల ప్రోద్బలంతో, ఆడపిల్లల సున్తీని నిషేధించింది. పిల్లలు ఏం చేశారంటే, అంగళ్లలో బ్లేడులు కొనుక్కుని ఒకరినొకరు కోసుకున్నారు. 'నన్ను నేనే కోసుకుంటాను' అన్న అర్థం వచ్చే మాట ఆ తరం పిల్లలకు పేరైపోయింది. పైనుంచి వచ్చిన ఉత్తరువు, అదీ పరాయి దొరల ఉత్తరువు, ఆచారానికి పౌరుషం కూడా తోడు చేసింది.

నలభై ఏళ్ల తరువాత, 1996లో, ఆ ప్రాంతానికే చెందిన థారకా పల్లెల్లో ఇంకో ప్రయత్నం మొదలైంది. కెన్యా మహిళా సంఘమొకటి ఊరి తల్లులతో కలిసి 'మాటలతో సున్తీ' అనే వేడుక ఏర్పాటు చేసింది. పిల్లలను పూర్వంలాగే కొద్దిరోజులు విడిగా ఉంచి, ఒంటి గురించీ సంసారం గురించీ పెద్దవాళ్లు బోధించి, చివర ఊరంతా చేరి విందూ ఆటపాటలూ చేసుకుని, పిల్ల పెద్దదైందని ఒప్పుకుంటారు. కోత ఒక్కటే ఉండదు. సీతి గుట్ట మీది బంగారు తొడుగూ ఇదీ ఒక తల్లి బిడ్డలే కదా! ఊరివాళ్లతో ముందు చర్చ జరిగిన చోట ఇది నిలిచింది, వేడుక మాత్రమే తెచ్చిపెట్టిన చోట నిలవలేదు. 2011లో కెన్యా గట్టి చట్టం కూడా చేసింది. 1998లో 15-49 ఏళ్ల స్త్రీలలో 38 శాతంగా ఉన్న ఆచారం 2022 సర్వే నాటికి 15 శాతానికి దిగింది.

సెనెగల్‌లో 1997 జూలైలో మాలికూండా బంబారా అనే పల్లె ఆడవాళ్లు, తోస్తాన్ అనే సంస్థ నడిపిన చదువుల తరగతులలో మాట్లాడుకుని మాట్లాడుకుని, మా ఊళ్లో ఇక ఇది ఉండదని బహిరంగంగా ప్రకటించారు. తరువాత చుట్టుపక్కల ఊళ్లు ఒక్కొక్కటే చేరాయి. సంబంధాలు ఇచ్చిపుచ్చుకునే ఊళ్లన్నీ కలిసి మానితేనే ఏ పిల్లకూ పెళ్లి ఆగదు. చైనాలో పాదాలు కట్టే ఆచారం అంతరించింది కూడా ఇలాగే. మా పిల్లకు పాదాలు కట్టము, కట్టిన పిల్లను మా కొడుకుకు చేసుకోము అని కుటుంబాలు సంఘాలుగా ప్రమాణం చేశాకనే అది సడలింది.

తొడుగు పనికిరాని చోటు

అయితే పోలికను సాగదీయకూడదు. వేలు అందరికీ కనిపించేది. ఇచ్చేది బిడ్డల తల్లి. జననాంగ ఛేదనం దాపరికంలో జరిగేది. భరించేది ఏడేళ్ల పిల్ల, ఏం జరగబోతున్నదో తెలియని పిల్ల. పేరుకు చిన్న గాటు పెట్టి వదిలేస్తే సరిపోదా అని 2010లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం ఒక సూచన చేసి, విమర్శ రాగానే దాదాపు నెలలోనే వెనక్కు తీసుకుంది. తీసుకోవడమే న్యాయం. తొడుగు లాగినప్పుడు తల్లి చేతికి ఏమీ కాలేదు, అందుకే అది బదులు అయింది. గాటు బదులు కాదు, అదే కోతకు చిన్న రూపం. డాక్టరు చేతిలో శుభ్రమైన కత్తి ఉన్నా అంతే.

మన దేశంలో ఈ ఆచారం ప్రధానంగా దావూదీ బోహ్రాలలో ఉంది. గుజరాతు మూలాలున్న ఈ వర్తక సమాజం హైదరాబాదు, బెంగళూరులతో సహా అనేక నగరాలలో ఉంది. ఖత్నా, ఖఫ్జ్ అనే పేర్లతో ఏడేళ్ల ప్రాంతంలో పిల్లలకు చేయిస్తారు. ఈ మౌనాన్ని పగలగొట్టింది బయటివాళ్లు కాదు, అనుభవించిన బోహ్రా స్త్రీలే. 2015 నుంచి 'సహియో', 'వీ స్పీక్ ఔట్' అనే సంస్థల ద్వారా తమ పేర్లతోనే మాట్లాడసాగారు. 2017లో సుప్రీంకోర్టులో ప్రజాహిత వ్యాజ్యం పడింది. ఆ ఏడాది డిసెంబరులో కేంద్ర మహిళా శిశు మంత్రిత్వశాఖ, ఈ ఆచారం ఉన్నట్టు అధికారిక లెక్కలేవీ లేవని కోర్టుకు చెప్పింది. మరుసటి ఏడాది అటార్నీ జనరల్ ఇది అప్పటి శిక్షాస్మృతి ప్రకారం, పిల్లలపై లైంగిక నేరాల చట్టం ప్రకారం నేరమేనని వాదించారు. ఇది తమ మతస్వేచ్ఛ అని, తమది హానిలేని పద్ధతి అని వాదించిన బోహ్రా స్త్రీలూ ఉన్నారు. 2018 సెప్టెంబరులో కోర్టు ఈ వ్యాజ్యాన్ని విస్తృత ధర్మాసనానికి పంపింది. ఈ ఆచారాన్ని పేరుపెట్టి నిషేధించే చట్టమేదీ మన దేశం చేయలేదు.

చట్టం వద్దా? కావాలి. చట్టాలు గట్టిగా ఉన్న ఆస్ట్రేలియా, బ్రిటన్, అమెరికాలలో బోహ్రా జమాతులే 2016లో తమవారికి లేఖలు రాసి, ఈ దేశాల చట్టాన్ని పాటించండి, ఖత్నా చేయించకండి అన్నాయి. ఆపాలనుకున్న తల్లికి చట్టం ఒక సాకు ఇస్తుంది. అత్తగారితో 'నాకిష్టం లేదు' అనడం కష్టం, 'సర్కారు ఒప్పుకోదు' అనడం తేలిక. కానీ చట్టం ఒక్కటే కాపలా కాయలేదు. గాంబియాలో 2015లో చేసిన నిషేధాన్ని ఎత్తేయాలని 2024లో బిల్లు వచ్చింది. అక్కడి శాసనసభ జూలైలో దాన్ని తోసిపుచ్చింది గానీ, తొమ్మిదేళ్ల చట్టం ఎంత పలచని నేల మీద నిలబడిందో అందరికీ తెలిసొచ్చింది. కెంపేగౌడ నిషేధానికి ఏం గతి పట్టిందో మనకు తెలుసు కదా.

బోహ్రా సోదరీమణుల పోరాటాన్ని ఆ మతాన్ని దుయ్యబట్టడానికి వాడుకునేవాళ్లు ఉన్నారు. వాళ్లతో చేతులు కలిపే ముందు మొరసునాటివాళ్లం మన గుట్టను ఒకసారి గుర్తుచేసుకోవాలి. మన ముత్తవ్వల ముత్తవ్వలు కూడా దేవుడి పేరు మీదనే చెయ్యి మొద్దు మీద పెట్టారు. వాళ్లను ఎవరైనా అనాగరికులని తిట్టి ఉంటే మానేవారు కారు. గౌరవం పోకుండా మానే దారి దొరికింది కాబట్టి మానారు.

ఆ దారి ఎలా దొరికిందో తెల్లదొరల పుస్తకాలు ఒకటి రెండు వాక్యాలలో ముగించాయి. మొదటి తొడుగు ఎవరింట్లో చేయించారు, ఏ అవ్వ ముందు ఒప్పుకుంది, ఎవరు అలిగారు, కమ్మరి రుసుము సంగతేమైంది, ఇవన్నీ ఇంటి మాటలు. హొసకోట, కోలారు, చింతామణి పల్లెల నుంచి వచ్చి కాడుగోడి చుట్టుపక్కల స్థిరపడిన కుటుంబాలలో ఇంకా పెద్దవాళ్లున్నారు. బండి దేవర వేడుక గురించి, వేలి తొడుగు గురించి మీ ఇంట్లో ఎవరైనా విన్నది చెబితే, అది తెలుగైనా కన్నడమైనా రెండూ కలిసినదైనా, వాళ్లు చెప్పిన మాటల్లోనే రాసిపెట్టండి. ఆడవాళ్లను కోసే ఆచారాన్ని ఒక సమాజం తనంతట తాను ఎలా వదిలించుకున్నదో చెప్పే సాక్ష్యం అది. ఇవాళ తమ ఇంట్లో అదే ప్రయత్నం చేస్తున్న తల్లులకు పనికొస్తుంది.